ఆటిజం ఉన్న బాబు పళ్ళ డాక్టర్ కుర్చీ ఎక్కనంటే ఏం చెయ్యాలి?

ప్రశ్న: “మాది ఖమ్మం. మా బాబుకి ఆరేళ్ళు. ఆటిజం ఉంది, మాటలు చాలా తక్కువ. బ్రష్ నోట్లో పెట్టనివ్వడు. కింది దవడ పళ్ళు రెండు నల్లబడ్డాయి. మొన్న పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే కుర్చీ వెనక్కి వాల్చగానే కేకలు పెట్టి కిందికి దూకేశాడు. నలుగురం పట్టుకున్నా నోరు తెరవలేదు. అప్పటి నుంచి బ్రష్ కనిపిస్తేనే ఏడుస్తున్నాడు. పాల పళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి, వదిలెయ్యమంటున్నారు మా అత్తగారు. నిజంగా వదిలెయ్యొచ్చా? మళ్ళీ తీసుకెళ్ళాలంటే ఎలా?”

జవాబు: నేను పిల్లల పళ్ళ డాక్టర్ని. ఆటిజం, ఏడీహెచ్‌డీ, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు చాలా ఏళ్ళుగా మా దగ్గరికి వస్తున్నారు. మీ విషయంలో ముందు తేల్చుకోవలసింది ఒకటి ఉంది. ఇది వెంటనే చూపించాల్సిన సంగతా, నిదానంగా నడిపించుకోవచ్చా అన్నది. మిగతా సలహాలన్నీ దాని తర్వాతే.

మాటలు రాని పిల్లలు పన్ను నొప్పి అని చెప్పరు. చెంప మీద కొట్టుకుంటారు, తల బాదుకుంటారు, చెయ్యి కొరుక్కుంటారు, చొక్కా కాలర్ నములుతూ కూర్చుంటారు. బాగా నిద్రపోయే పిల్లవాడు ఉన్నట్టుండి అర్ధరాత్రి లేచి ఏడుస్తాడు. ఇష్టంగా తినే జంతికలు ముట్టడు. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు తోసేస్తాడు. ఒక పక్కే నములుతాడు. ఇవన్నీ ‘బిహేవియర్’ కింద థెరపిస్ట్‌కి చెప్పుకుంటాం గానీ, నోట్లోకి టార్చ్ వేసి చూడాలని చాలామందికి తట్టదు. మీ బాబులో ఈమధ్య ఇలాంటి మార్పు కొత్తగా మొదలైందా అని ఒక్కసారి వెనక్కి వెళ్ళి ఆలోచించండి. నిద్రలో ఉన్నప్పుడు కింది పెదవి మెల్లగా పక్కకు లాగి, ఆ నల్ల పళ్ళ దగ్గర చిగురు మీద చిన్న చీము పొక్కు ఉందేమో చూడండి. పొక్కు ఉన్నా, నొప్పి గుర్తులు ఉన్నా ఈ వారంలోనే చూపించాలి. చెంప వాచి జ్వరం ఉంటే అదే రోజు తీసుకెళ్ళండి. వాపు కంటి దాకా గానీ మెడ కిందికి గానీ పాకినా, మింగడానికి ఇబ్బంది పడుతున్నా క్లినిక్ కోసం చూడకుండా నేరుగా పెద్దాసుపత్రికే వెళ్ళండి. అలాంటప్పుడు కింద నేను చెప్పబోయే ప్రాక్టీసులేవీ పెట్టుకోకండి.

తిండీ నిద్రా మామూలుగానే ఉండి, వాపు గానీ పొక్కు గానీ లేకపోతే మీకు కొన్ని వారాల వ్యవధి ఉంది. ఆ వ్యవధిని వాడుకుందాం.

అత్తగారి మాట సంగతి. పాల పళ్ళు 20 ఉంటాయి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడిపోతాయి, నిజమే. కానీ దవడ పాల పళ్ళు 10, 12 ఏళ్ళ దాకా ఉండాలి. మీ బాబు ఇంకా నాలుగైదేళ్ళు వాటితోనే నమలాలి. ఇంకో సంగతి కూడా ఆవిడకు చెప్పండి. ఆరేళ్ళ వయసులోనే ఆ పాల పళ్ళ వెనకాల మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది దాన్ని కూడా పాల పన్నే అనుకుంటారు. నోట్లో పుచ్చు క్రిములు ఎక్కువగా ఉండి, బ్రష్ తగలకపోతే కొత్తగా వచ్చిన ఈ పన్ను ఏడాది రెండేళ్ళలో పుచ్చిపోవచ్చు. అది పోతే దాని స్థానంలో ఇంకో పన్ను రాదు. కాబట్టి వదిలెయ్యకూడదు. అలాగని రేపే మళ్ళీ నలుగురు పట్టుకుని చేయించకూడదు కూడా.

ఆ రోజు కుర్చీలో ఏం జరిగిందో బాబు వైపు నుంచి చూద్దాం. కుర్చీ వెనక్కి వాలుతుంటే మనకు ఏమీ అనిపించదు. శరీరం సమతూకాన్ని గమనించే వ్యవస్థ సున్నితంగా ఉన్న పిల్లలకు మాత్రం అది వెల్లకిలా పడిపోతున్నట్టే ఉంటుంది. బాబు దూకింది మొండితనంతో కాదు, పడిపోతున్నానన్న భయంతో. దానికి తోడు కళ్ళలోకి నేరుగా కొట్టే లైటు, గ్లవ్స్ రబ్బరు వాసన, లవంగ నూనె వాసన, పక్క గదిలో కంప్రెసర్ మోత, మాస్క్ వల్ల కనిపించని ముఖాలు, అందరూ ఒక్కసారే ‘నోరు తెరు నాన్నా, నోరు తెరు’ అనడం. ఒంట్లో స్పర్శ బాగా తెలిసే చోట్లలో పెదవులు, నాలుక ముందుంటాయి. చొక్కా లోపలి లేబుల్ గుచ్చుకుంటేనే ఓర్చుకోలేని పిల్లవాడి నోట్లో దూది ఉండ పెడితే ఎలా ఉంటుందో ఊహించండి.

అందరు పిల్లలూ ఒకేలా ఉండరు. కొందరికి స్పర్శ, శబ్దం ఎక్కువైపోతాయి. కొందరికి చాలవు, వాళ్ళే వెతుక్కుంటారు. అన్నీ నోట్లో పెట్టుకుంటారు, గట్టిగా కొరుకుతారు, ఊగుతారు, గట్టిగా హత్తుకుంటే ఇష్టపడతారు. ఒకే పిల్లవాడిలో రెండూ ఉండొచ్చు. చెవికి శబ్దం పడదు, పంటికి మాత్రం గట్టి ఒత్తిడి కావాలి. ఈ లెక్క మీ ఓటీ (ఆక్యుపేషనల్) థెరపిస్ట్‌కి బాగా తెలుసు. ‘మా వాడికి పడనివి ఏవి, వాణ్ణి నెమ్మదింపజేసేవి ఏవి’ అని అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. పళ్ళ డాక్టర్‌కి మీరిచ్చే సమాచారంలో అన్నిటికంటే పనికొచ్చేది ఈ ఒక్క పేజీయే. రిపోర్టుల ఫైలు మొత్తం తేనక్కర్లేదు.

పట్టుకుని చెయ్యడం గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. దెబ్బ తగిలి రక్తం కారుతున్నప్పుడు, ఊడబోతున్న పన్ను గొంతులోకి జారే ప్రమాదం ఉన్నప్పుడు, తల్లిదండ్రుల అనుమతితో ఒకటి రెండు నిమిషాలు పట్టుకోవాల్సి రావచ్చు. వాయిదా వెయ్యగలిగిన ఫిల్లింగ్ కోసం నలుగురు పట్టుకోవడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఆ పూట పని అయినట్టే ఉంటుంది. ఆ తర్వాత ఆ పిల్లవాడు ఆసుపత్రి గేటు చూస్తేనే వణుకుతాడు, ఇంట్లో బ్రష్ కూడా మానేస్తాడు. ఒక్క పన్ను కోసం మిగతా నోరంతా పాడవుతుంది. మీ ఇంట్లో బ్రష్ చూసి ఏడవడం మొదలైందంటే కారణం ఇదే.

ఇప్పుడు ఏం చెయ్యాలో చూద్దాం. ముందు డాక్టర్ని ఎంచుకోండి. పిల్లల పళ్ళ మీద మూడేళ్ళ పీజీ చదువు, ఎండీఎస్, చేసినవాళ్ళు ఉంటారు, పీడోడాంటిస్ట్ అంటారు. డెంటల్ కాలేజీ ఉన్న ప్రతి చోటా ఈ విభాగం ఉంటుంది. బాబును తీసుకెళ్ళకుండా ముందు మీరొక్కరే వెళ్ళండి, లేదా ఫోన్ చెయ్యండి. మూడు సంగతులు అడగండి. మొదటిసారి ఏ పనీ చెయ్యకుండా ఊరికే చూసి పంపిస్తారా? గదిలో మీరు ఉండొచ్చా? రోజులో మొదటి అపాయింట్‌మెంట్ గానీ, జనం లేని వేళ గానీ ఇస్తారా? ‘తీసుకురండమ్మా, మేం చూసుకుంటాం’ అని ఒక్క ముక్కలో తేల్చేసి మీ కాగితం తీసుకోనివాళ్ళకంటే, ‘బాబుకి ఏం ఇష్టం, ఏం పడదు, ఏ మాటలు అర్థమవుతాయి’ అని తిరిగి అడిగేవాళ్ళు మీకు సరైన డాక్టర్. పెద్ద పేరు, పెద్ద ఏసీ హాలు ఉండనక్కర్లేదు. కొన్నిసార్లు హంగులు లేని చిన్న క్లినిక్కే మేలు, అక్కడ శబ్దాలు తక్కువ.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు ‘డీసెన్సిటైజేషన్ విజిట్’ కావాలని అడిగితే అక్కడివాళ్ళకు అర్థమవుతుంది. ఇక్కడ ఆ పేరుతో అడగనక్కర్లేదు, ‘ఈసారి అలవాటు చెయ్యడానికే తెస్తాం’ అంటే చాలు.

క్లినిక్‌కి వెళ్ళే ముందు ఇంట్లో రెండు మూడు వారాల పని ఉంది. మొదట బ్రష్ మీద భయం పోగొట్టాలి. కొన్ని రోజులు బ్రష్‌ని నోటి దగ్గరికి తేకండి. స్నానం తర్వాత, ఒళ్ళు వదులుగా ఉన్నప్పుడు, అరచేత్తో భుజాలు, దవడలు గట్టిగా, నిదానంగా నొక్కండి. మెల్లగా తాకితే ఈ పిల్లలకు చక్కిలిగింతలాగా చిరాకు పుడుతుంది. నిలకడైన ఒత్తిడిని ఎక్కువమంది హాయిగా తీసుకుంటారు. తర్వాత చెంప మీద పైనుంచి, తర్వాత పెదవి మీద, తర్వాత తడిపిన మెత్తటి గుడ్డ వేలికి చుట్టి ముందు పళ్ళ మీద ఒక్కసారి. ఏ మెట్టు దగ్గర ముఖం తిప్పుకుంటే దానికి ఒక మెట్టు ముందే ఆగి, ఆ రోజుకి అక్కడితో ముగించండి. పేస్ట్ లేకుండా ఉత్త తడి బ్రష్‌తో మొదలుపెట్టండి. చాలామందికి బ్రష్‌తో గొడవ ఉండదు. పేస్ట్ మంట, నురగే పడవు. పిల్లలకు పుదీనా రుచి కారంగా అనిపిస్తుంది. నురగ తక్కువగా వచ్చే, ఘాటు లేని పేస్ట్ వెతకండి. పళ్ళపొడి గరుకుగా ఉంటుంది, వద్దు.

బ్రష్ చేసేటప్పుడు ఎదురుగా నిలబడకండి. బాబు వెనక నిలబడి, అతని తల మీ పొట్టకు ఆనించుకుని, ఇద్దరూ అద్దంలోకి చూస్తూ చెయ్యండి. తలకు ఆసరా దొరుకుతుంది, ఏం జరుగుతోందో కనిపిస్తుంది. పైకి వినిపించేలా లెక్కపెట్టండి. కింద కుడివైపు పది, ఎడమవైపు పది, అంతే. ‘పది’ అనగానే బ్రష్ బయటికి రావాలి. శుభ్రం కాలేదని పన్నెండు దాకా సాగదీశారంటే మర్నాడు మీ అంకెల్ని నమ్మడు. ఈ లెక్కే రేపు క్లినిక్‌లో మా చేతికి దొరికే పెద్ద ఆయుధం. ఏ అంకె దగ్గర ఆగిపోతుందో తెలిసిన పిల్లవాడు చాలా ఓర్చుకుంటాడు. మూడు వైపుల నుంచి ఒకేసారి పంటిని పట్టే బ్రష్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, వాటితో సమయం బాగా తగ్గుతుంది. కదలికను ఇష్టపడే పిల్లలైతే బ్యాటరీ బ్రష్ ప్రయత్నించొచ్చు. శబ్దం పడని పిల్లలకు మాత్రం అది తేవొద్దు.

క్లినిక్ ఫోటోలు అడిగి వాట్సాప్‌లో తెప్పించుకోండి. గేటు, మెట్లు, వరండా కుర్చీలు, లోపలి పెద్ద కుర్చీ, లైటు, డాక్టర్ ముఖం మాస్క్‌తో ఒకటి, మాస్క్ లేకుండా ఒకటి. వరసగా ప్రింట్ తీసి, చివర ఇంటి ఫోటో గానీ, వెళ్ళబోయే పార్కు ఫోటో గానీ పెట్టండి. ఇది 1991లో కరోల్ గ్రే అనే అమెరికన్ టీచర్ మొదలుపెట్టిన ‘సోషల్ స్టోరీ’ పద్ధతికి దగ్గరగా ఉంటుంది. మీ థెరపీ సెంటర్‌లో ఈపాటికే వాడుతూ ఉండొచ్చు. రోజుకోసారి చూపిస్తూ ఒకే మాటలతో చెప్పండి. ‘కుర్చీలో కూర్చుంటాం. లైటు వేస్తారు. పది లెక్కపెడతారు. ఇంటికొస్తాం.’ ఇంట్లో సోఫా మీద పడుకోబెట్టి, మీరు మాస్క్ వేసుకుని, టార్చ్ పట్టుకుని అదే ఆట ఆడండి. స్టీలు చెంచా వెనక భాగాన్ని చెంపకు, పెదవికి, పళ్ళకు తాకించండి. చల్లటి లోహం నోట్లోకి రావడం ముందే తెలిసి ఉంటే మా చిన్న అద్దం కొత్తగా అనిపించదు.

‘అల్లరి చేస్తే డాక్టర్‌తో సూది వేయిస్తా’ అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, తాతయ్య నోటి నుంచైనా సరే. ‘నొప్పేం ఉండదు’ అని కూడా అనకండి. నొప్పి అనే మాట ఒక్కటే చెవిలో పడుతుంది. ఇంకో సంగతి. మన ఊళ్ళలో ఇంట్లో తెలుగు, థెరపీలో ఇంగ్లీషు నడుస్తుంది. బాబుకి ‘నోరు తెరు’ అర్థమవుతుందా, ‘ఓపెన్’ అర్థమవుతుందా, లేక ‘ఆ అను’ అంటేనే తెరుస్తాడా? ఏదైతే అదే మాటను కాగితం మీద రాయండి. గదిలో ఉన్నవాళ్ళంతా దాన్నే వాడాలి, మాట్లాడేది కూడా ఒక్కరే అయి ఉండాలి.

వెళ్ళే రోజు బాగా నిద్రపోయి లేచిన వేళ, కడుపు మరీ నిండుగా లేకుండా, ఆకలిగానూ లేకుండా చూసుకోండి. రోజూ వేసే ఫిట్స్ మందు గానీ మరే మందు గానీ ఆపకండి. అలవాటైన మెత్తటి బట్టలు వెయ్యండి. చెవులు మూసే హెడ్‌ఫోన్, చలవ కళ్ళద్దాలు, ఇష్టమైన బొమ్మ, ఫోన్‌లో ఇష్టమైన వీడియో తీసుకెళ్ళండి. ఆ వీడియోను నాలుగు రోజుల ముందు నుంచీ దాచిపెట్టి, అక్కడే మొదటిసారి చూపిస్తే ఎక్కువ పనిచేస్తుంది. వరండాలో కూర్చోవద్దు. మీరు ఆటోలోనో కారులోనో ఉండి, పిలిచాక లోపలికి వెళ్ళండి. ఎదురుచూడటంతోనే ఓపిక అయిపోతే కుర్చీ దాకా ఏం మిగలదు.

మేం మొదటి విజిట్ ఎలా చేస్తామో చెప్తాను, మీ డాక్టర్‌కి చూపించడానికైనా పనికొస్తుంది. పెద్ద లైటు వెయ్యం. కుర్చీ ముందే వెనక్కి వాల్చి ఉంచుతాం. పిల్లవాడు ఎక్కి తనంతట తనే పడుకుంటాడు, కదిలే కుర్చీ అన్న సమస్యే రాదు. ఎక్కకపోతే మామూలు కుర్చీలో అమ్మ ఒళ్ళోనే కూర్చుంటాడు, నేను కింద స్టూల్ మీద కూర్చుంటాను. ఎక్స్‌రే తీసేటప్పుడు వేసే సీసపు ఏప్రాన్ దాదాపు ప్రతి క్లినిక్‌లోనూ ఉంటుంది, బాగా బరువుగా ఉంటుంది. అది ఛాతీ నుంచి తొడల దాకా పరిస్తే కొందరు పిల్లలు రెండు నిమిషాల్లో కాళ్ళు ఊపడం ఆపేస్తారు, భుజాలు కిందికి దిగుతాయి. ఇష్టం లేనివాళ్ళు తోసేస్తారు. తోసేస్తే తీసేస్తాం. కట్టడానికి వేసేది కాదు అది. ఈ పద్ధతులు మా సొంత ఊహలేం కాదు. లాస్ ఏంజెలస్‌లోని పిల్లల ఆసుపత్రిలో 6 నుంచి 12 ఏళ్ళ ఆటిజం పిల్లలకు లైట్లు తగ్గించి, నెమ్మదైన సంగీతం పెట్టి, గది పైకప్పు మీద కదిలే దృశ్యాలు చూపించి, ఒంటికి హత్తుకునేలా బరువైన గుడ్డ చుట్టి పళ్ళు శుభ్రం చేస్తే, మామూలు గదిలో కంటే ఆందోళన తగ్గిందని 2023లో అధ్యయనం వచ్చింది. వాళ్ళు చేసినదాంట్లో చాలా భాగానికి డబ్బు కంటే ఓపికే ఎక్కువ కావాలి.

తర్వాత ‘చెప్పు, చూపించు, చెయ్యి’. 1959 నుంచి పిల్లల పళ్ళ డాక్టర్లందరూ నేర్చుకునే పాఠం ఇది. మాటలు తక్కువున్న పిల్లలకు ‘చెప్పు’ తగ్గించి ‘చూపించు’ పెంచుతాం. అద్దాన్ని ముందు అమ్మ గోరుకు తాకిస్తాం, తర్వాత బాబు గోరుకు, తర్వాత గడ్డానికి, తర్వాత పెదవికి. ఒక పాపకు ఉమ్మి లాగే సక్షన్ గొట్టం శబ్దం వింటేనే చెవులు మూసుకునే అలవాటు. గొట్టం తన చేతికే ఇచ్చి, ఎదురుగా గ్లాసుడు నీళ్ళు పెట్టాం. స్విచ్ కూడా తనే వేసింది. గ్లాసులో నీళ్ళు గుర్రుమని మాయమైపోతుంటే మొదట వెనక్కి జరిగింది, తర్వాత ఇంకో గ్లాసు కావాలని చెయ్యి చాపింది. ఆ రోజు పళ్ళ జోలికే వెళ్ళలేదు. తర్వాత వచ్చినప్పుడు గొట్టం తనే నోట్లో పెట్టుకుంది. శబ్దం ఆపే అధికారం తన చేతిలో ఉందని తెలిశాక ఆ శబ్దమే భరించగలిగేదైపోయింది. చెయ్యెత్తితే ఆగుతాం అని ఒప్పందం చేసుకుంటే నిజంగా ఆగాలి, సగం పనిలో ఉన్నా సరే.

మొదటి విజిట్‌లో కుర్చీ దాకా వచ్చి, పది అంకెలు కూర్చుని, లేచిపోతే అది గెలుపే. ‘ఇంత దూరం వచ్చాం, బాగానే కూర్చున్నాడు కదా, ఆ పన్ను కూడా చేసెయ్యండి డాక్టర్ గారూ’ అని అడగకండి, మా దగ్గర ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతారు. అనుకున్నది అయిపోగానే, ఏడుపు మొదలవక ముందే బయటికి తీసుకొచ్చెయ్యాలి. రెండు మూడు వారాల్లోపే మళ్ళీ తీసుకెళ్ళండి. ఆరు నెలలు గడిస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక ఆ రెండు నల్ల పళ్ళు. డ్రిల్లింగ్ మెషిన్, సూది లేకుండా చెయ్యగలిగినవి ఇప్పుడు చాలా ఉన్నాయి. పన్ను లోపలి నరం దాకా పుచ్చు వెళ్ళకపోతే సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే మందును చిన్న బ్రష్‌తో పుచ్చు మీద ఒక నిమిషం పాటు రాస్తే చాలాసార్లు పుచ్చు ముందుకు పాకకుండా ఆగుతుంది. 38 శాతం ద్రావణం వాడతారు. పుచ్చిన చోటు మాత్రం నల్లగా గట్టిపడిపోతుంది, ఆ నలుపు పోదు. మీ వాడివి ఎలాగూ వెనక పళ్ళు, ఇప్పటికే నల్లగా ఉన్నాయి కాబట్టి బాధ పడాల్సింది లేదు. ఇనుము నాకినట్టు రుచి వస్తుంది, అది ముందే చెప్పండి. పెదవికి తగిలితే మచ్చ పడి కొన్ని రోజులకు పోతుంది. కొన్ని నెలలకోసారి మళ్ళీ రాయించాలి. రెండోది హాల్ పద్ధతి. స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే డాక్టర్ మొదలుపెట్టారు. పన్ను అరగదీయకుండా, మత్తు సూది లేకుండా స్టీలు క్యాప్‌లో సిమెంట్ నింపి పంటి మీద నొక్కి కూర్చోబెడతారు. గట్టిగా కొరకడం ఇష్టమైన పిల్లలు దీన్ని బాగా ఒప్పుకుంటారు. కొన్ని రోజులు పళ్ళు కలిసే తీరు ఎత్తుగా అనిపించి, తర్వాత సర్దుకుంటుంది. చిన్న మార్పుకే కలవరపడే పిల్లవాడైతే ఆ రోజుల్లో తిండి విషయంలో చికాకు పడొచ్చు. మెత్తటి అన్నం, పప్పు పెట్టండి.

మిగతా పళ్ళకు ఫ్లోరైడ్ వార్నిష్ మూడు నుంచి ఆరు నెలలకోసారి పూయించండి. ఒక నిమిషం పని. ఆ రాత్రి పళ్ళ మీద జిగురుగా ఉంటుంది, ఆ జిగురు బాబుకు పడకపోవచ్చని తెలిసి ఉండండి. నల్గొండ వైపు నుంచి, ప్రకాశం జిల్లా కనిగిరి వైపు నుంచి వచ్చే తల్లులు ఫ్లోరైడ్ అనగానే భయపడతారు. వాళ్ళ ఊళ్ళలో పళ్ళు గారబట్టినట్టు కావడం వాళ్ళు కళ్ళారా చూశారు, ఆ భయంలో అర్థం ఉంది. అది ఏళ్ళ తరబడి తాగిన బోరు నీళ్ళ వల్ల వచ్చింది. మూడు నెలలకోసారి పంటి మీద పూసే పలచటి పూత వల్ల అలా జరగదు. మీ ఇంట్లో ఇప్పటికీ అలాంటి బోరు నీళ్ళే తాగుతుంటే మాత్రం డాక్టర్‌కి చెప్పండి.

పుచ్చు లోతుగా ఉండి, పళ్ళు ఎక్కువగా పాడై ఉంటే ఆసుపత్రిలో పూర్తి మత్తు ఇచ్చి అన్నీ ఒకేసారి చేయించడం మంచి మార్గం. దాన్ని ఓటమిగా చూడకండి. పిల్లవాడికి ఆ గంటలు గుర్తుండవు, మనం మళ్ళీ మొదటి నుంచి భయం లేకుండా అలవాటు చేసుకోవచ్చు. మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్ అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే చేయించండి. అన్నం, పాలు ఆరు గంటల ముందే ఆపాలి, ఉత్త మంచినీళ్ళు రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు. ఆ రోజు మొదటి కేసుగా పెట్టమని అడగండి, ఆకలి గొడవ తప్పుతుంది. ముక్కు మీద పెట్టే మాస్క్ ఒకటి ముందే తెచ్చుకుని ఇంట్లో ఆడించండి. రక్త పరీక్షలు మిగిలి ఉంటే అదే మత్తులో చేయించెయ్యొచ్చు. మెలకువ వచ్చేటప్పుడు పక్కన మీరుండాలని ముందే మాట తీసుకోండి. నైట్రస్ ఆక్సైడ్ వాయువు అనేది కూడా ఉంది, కాస్త నెమ్మదింపజేస్తుంది. కానీ ముక్కు మీద మాస్క్ ఉంచుకుని ముక్కుతోనే గాలి పీల్చాలి. మీ బాబుకు ఇప్పుడే అది కుదరకపోవచ్చు.

ఎప్పుడైనా తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి పని చేయించాల్సి వస్తే, ఇంటికొచ్చాక రెండు మూడు గంటలు కళ్ళలో వత్తులు వేసుకుని చూడండి. తిమ్మిరెక్కిన పెదవిని వింతగా అనిపించి నమిలేస్తారు, సాయంత్రానికి పెద్ద పుండు అవుతుంది. స్పర్శ కోసం వెతుక్కునే పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. ఆ గంటల్లో తినడానికి ఏమీ పెట్టకండి, శుభ్రమైన మెత్తటి గుడ్డ పళ్ళ మధ్య పెట్టి ఉంచండి.

పుచ్చు ఎందుకు వచ్చిందో కూడా చూడాలి. మా దగ్గరికి వచ్చే ఈ పిల్లల్లో మూడు కారణాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఒకటి, థెరపీలో ప్రతి సరైన జవాబుకీ ఇచ్చే చాక్లెట్ ముక్క, జెమ్ బిళ్ళ. రోజంతా నోట్లో తీపి ఊరుతూనే ఉంటుంది. స్టిక్కర్, బుడగలు, గిరగిరా తిప్పడం, ఇంకేదైనా ఇష్టమైనది బహుమతిగా మార్చమని థెరపిస్ట్‌ని అడగండి, మారుస్తారు. రెండు, రాత్రి పడుకునే ముందు వేసే తీపి సిరప్పులు. మాత్ర రూపంలో గానీ చక్కెర లేని సిరప్ గానీ ఉందా అని పిల్లల డాక్టర్‌ని అడగండి, లేకపోతే వేశాక నీళ్ళు తాగించండి. మూడు, తిండిని మింగకుండా చెంపలో దాచుకోవడం. బిస్కెట్, చిప్స్ ముద్దై పళ్ళకు అతుక్కుని గంటలు ఉండిపోతాయి. భోజనం అయ్యాక చెంప లోపల తడి వేలితో ఒకసారి తిప్పండి. ఇవి మానకుండా ఎన్ని పళ్ళు బాగుచేయించినా మళ్ళీ పుచ్చుతాయి.

ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడండి, 1000 పీపీఎం ఉండాలి, డబ్బా మీద రాసి ఉంటుంది. ఉమ్మడం రాని పిల్లవాడికి బియ్యపు గింజంత చాలు. ఉమ్మగలిగితే బఠాణీ గింజంత. రాత్రి బ్రష్ అయ్యాక నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వొద్దు. ఉదయం కుదరకపోయినా రాత్రిది వదలకండి.

డబ్బు సంగతి. పుట్టుక నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల ఆరోగ్యాన్ని చూసే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే పథకం కింద జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల సమస్యల్ని తొందరగా గుర్తించి సాయం చేసే డీఈఐసీ కేంద్రాలు పెట్టారు, అందులో పళ్ళ డాక్టర్ కూడా ఉండాలి. బాబు పేరు అక్కడ నమోదు చేయించండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ విజయవాడలోనూ కడపలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి, వాటిలో పిల్లల విభాగం ఉంటుంది. ఓపీ రద్దీ ఎక్కువ కాబట్టి ముందు మీరొక్కరే వెళ్ళి, రద్దీ లేని వేళ కనుక్కుని రండి. వికలాంగుల హక్కుల చట్టం 2016 లోని 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు లేకపోతే ముందు అవి తీయించండి. అవి ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల దాకా వస్తుంది. పళ్ళకు ఎంత వర్తిస్తుందో నమోదు చేసే సంస్థ వాళ్ళనే అడిగి రాయించుకోండి.

ఈ రాత్రి బాబు నిద్రపోయాక టార్చ్‌తో చిగురు చూసి, పొక్కు ఉందో లేదో ఇక్కడ రాయండి. ఆ నల్ల పళ్ళకు గుంట పడిందా, పైనే నలుపా అన్నది కూడా కనిపిస్తే చెప్పండి. దాన్నిబట్టి ముందు పంటి మీద ఆ సిల్వర్ మందు రాయించాలా, మత్తు గురించి ఆలోచించాలా అన్నది చెప్తాను.